దొంగ గొంతుతో ఒపెరా పరీక్ష

విజయవాడలో పదేళ్లు సంగీతం నేర్చుకున్నాను. తారస్థాయికి వెళ్లినప్పుడు గొంతు సన్నబడితే చాలు, మా గురువుగారు తాళం ఆపేసి "దొంగ గొంతు వద్దమ్మా, నిండుగా పాడు" అనేవారు. అదే దొంగ గొంతుతో అమెరికాలో పరీక్ష రాస్తాను, కాదు, పాడతాను అనుకోలేదు.

నేను వచ్చింది కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి. వేరే కోర్సుల వాళ్లు కూడా వాయిస్ పాఠాలు తీసుకోవచ్చని తెలిసి చేరిపోయాను. వారానికి అరగంట, టీచరు, నేను, ఒక పియానో, అంతే. సెమిస్టర్ చివర జ్యూరీ ఉంటుందని, అంటే ముగ్గురు ప్రొఫెసర్ల ముందు రెండు పాటలు కాగితం చూడకుండా పాడాలని, ఫీజు కట్టాకే తెలిసింది.

మొదటి క్లాసులో ఆవిడ నన్ను పెదాలు బుర్రుమనిపించమన్నారు, చిన్నపిల్లలు బస్సు నడుపుతూ చేస్తారే, అలా, కింది స్వరం నుంచి పైదాకా. పైకి పోయేకొద్దీ గొంతు దానంతటదే సన్నబడింది. అలవాటుకొద్దీ సిగ్గుపడి ఆగిపోయాను. "ఆపేశావేం? నాకు కావలసింది అదే" అన్నారు!

ఆవిడ నేర్పేది ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం. అందులో మైకు ఉండదు. అరవై డెబ్భై వాద్యాల మీదుగా గొంతు ఆఖరి వరసదాకా వినిపించాలి. ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుందట, సాధన చేసిన గొంతు, ముఖ్యంగా మగవాళ్లది, 3000 దగ్గర ఇంకో బలం తెచ్చుకుని దాన్ని దాటిపోతుంది. సోప్రానోలకి, అంటే పైస్థాయిలో పాడే ఆడగొంతులకి మాత్రం, ఆ ఎత్తు స్వరమే దారి. కాబట్టి పైకి వెళ్లేటప్పుడు ఛాతీలోంచి వచ్చే నిండు గొంతుని లాక్కుపోకూడదు, వదిలేయాలి. వదిలేయడం నాకు రెండు నెలలు పట్టింది. నేల మీద పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకుని ఊపిరి తీయడం, జ్యూస్ స్ట్రాలోంచి పాడటం... మా రూమ్మేట్ పాపం ఏమీ అనలేదు.

ఇంకో తలనొప్పి శ్రుతి. మన దగ్గర శ్రుతి గొంతుకి తగ్గట్టు పెట్టుకుంటాం, నాది ఐదున్నర, ఎక్కడికెళ్లినా ఐదున్నరే. ఒపెరాలో స్వరకర్త రాసిన ఎత్తులోనే పాడాలి, గొంతుకి సరిపోకపోతే ఆ పాత్ర నీది కాదు.

నాకిచ్చిన ఇటాలియన్ పాట, స్వరకర్త హాండెల్ 1711లో లండన్‌లో వేసిన 'రినాల్డో' ఒపెరాలోది, 'లాషా క్యో పియాంగా', బందీ అయిన అల్మిరెనా నన్ను ఏడవనివ్వండి అంటూ పాడేది. మొదటి భాగం, రెండోది, మళ్లీ మొదటిది. తిరిగి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు పాడకూడదు, అలంకారాలు వేయాలి. సంగతులేగా! అని సంబరపడి వేశాను. ఆవిడ నవ్వి "స్వరాన్ని ఊపకు, స్వరం నుంచి స్వరానికి నడువు" అన్నారు. పదేళ్ల గమకం పోతుందా, చెప్పండి.

ఆవిడ కథ ముక్కలుముక్కలుగా తెలిసింది. మాస్టర్స్ అయ్యాక సొంత డబ్బుతో ఊరూరా ఆడిషన్లు, తర్వాత జర్మనీలో ఒక ఊరి థియేటర్లో జీతానికి కొన్నేళ్లు (అక్కడ ప్రభుత్వ సాయంతో నడిచే థియేటర్లు ఎనభై పైనే), తిరిగొచ్చి డాక్టరేట్, రెండు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు పొద్దున కచేరీ చేసి, మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని విద్యార్థికి కమిటీ ముందు పాఠం చెప్పారట. ఇప్పుడు వారానికి 18 మంది. పర్మనెంట్ కావడానికి మా ప్రొఫెసర్లకి పేపర్లు ఎలాగో, ఆవిడకి కచేరీలు అలాగ, అందుకే శని ఆదివారాలు విమానాల్లో గడిచేవి. జలుబు చేసిన వారం కూడా పాఠాలు మానలేదు, పాడి చూపించడం మాత్రం మానేసి చేతులతో చెప్పారు. నాకు ఆవిడ పాడిన రోజులకన్నా ఆ వారమే ఎక్కువ గుర్తు.

జ్యూరీ రోజు టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. పియానో ఆయనకి డబ్బులిచ్చి ముందు ఒక్కసారే కలిసి పాడాను. ఇంగ్లీషు పాటలో ఒక లైను మర్చిపోయి రాగంతో లాక్కొచ్చాను. ఇటాలియన్ పాట తిరిగొచ్చేటప్పుడు, ఎంత వద్దనుకున్నా, ఒక్కచోట గొంతు ఊగింది. ముగ్గురిలో ఒకాయన తలెత్తి చూశారు.

బి ప్లస్ వచ్చింది. ఆయన కాగితం మీద అచ్చులు ఇంకా తెరవాలని రాసి, కింద "ఆ అలంకారం ఎక్కడిది?" అని అడిగారు. అమ్మకి రికార్డింగ్ పంపితే "బాగుంది కానీ ఎందుకే అంత కూత?" అంది. గురువుగారికి ఇంకా పంపలేదు. వచ్చే సెమిస్టర్‌కి జర్మన్ పాట ఇచ్చారు, 'ఇహ్' అనే మాటకి పిల్లి బుసకొట్టినట్టు గాలి వదలాలట, ప్రస్తుతం అదే సాధన.