అంబాసిడర్ అడుగున పాత తారు ఊడదీసేటప్పుడు

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పాత అంబాసిడర్ బేరానికొస్తే ముందు కిందకి దూరి చూడాలి. అండర్ కోటింగ్, అంటే అడుగున కొట్టిన తారు పూత, నల్లగా, దళసరిగా ఉందని మురిసిపోకండి. తారు ఎండి బీటలిచ్చాక ఆ సందుల్లోంచి వెళ్లిన నీళ్లు మళ్లీ బయటికి రావు. మన దగ్గర ఆ తడిలో ఉప్పు కూడా కలుస్తుంది. సముద్రపు గాలి సరే, రొయ్యల బళ్ల నుంచి రోడ్డు మీద కారే నీళ్లూ ఉన్నాయి. పైన పూత పూతలాగే ఉంటుంది, లోపల రేకు పొరలుగా లేచిపోతుంది. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే పాత తారు మీదే కొత్తది కొట్టించడం నాకు అస్సలు నచ్చదు.

పెట్రోల్ ట్యాంకు దించేయండి, బ్యాటరీ తీసేయండి. కారు స్టాండ్ల మీద ఉండాలి, జాకీని నమ్మి కిందకి దూరొద్దు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. పాతకాలపు కోటింగుల్లో కొన్నింట ఆస్బెస్టాస్ ఉండేది, పొడిగా గీకి దుమ్ము లేపకూడదు.

చాలామంది చేసే పొరపాటు నేరుగా గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించడం. రాపిడి వేడికి తారు కరిగి రేకంతా పులుముకుంటుంది, బ్రష్ కూడా నిండిపోతుంది. హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి, జానెడు జాగా చొప్పున కాచండి. పూత మెత్తబడి, 2 అంగుళాల పుట్టీ బ్లేడుకి తాండ్రలా చుట్టుకుని రావాలి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. కాలిన తారు పెంకులా గట్టిపడి ఇంకా సతాయిస్తుంది. బ్లేడు మూలలు ముందే అరగదీసుకోండి. ముందు సస్పెన్షన్ టోర్షన్ బార్లకి (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) బ్లేడు, గ్రైండర్ తగలనివ్వొద్దు. చిన్న గీత పడినా బరువు మీద అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. బ్రేకు గొట్టాల దగ్గర వేడి వద్దు, గుడ్డతో తుడిచి వదిలేయండి.

మిగిలిన జిడ్డుకి మినరల్ టర్పెంటైన్. హీట్ గన్ చల్లారి, ప్లగ్గు తీశాకే ఆ డబ్బా మూత తీయాలి.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ రండి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్నది బొదబొదలాడుతుంది. తలుపుల కింది సిల్స్, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ల బ్రాకెట్లు వదలకుండా చూడండి. అతుకు పడేచోట చుట్టూ అడుగు మేర, రేకుకి రెండో వైపు కూడా తారు లేకుండా చేశాకే వెల్డింగ్. లేకపోతే తారుకి మంట అంటుకుంటుంది.

తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుంటుంది. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టండి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే పని మళ్లీ మొదటికొస్తుంది. ఉత్త రేకు మీద చెయ్యి ఆనిస్తే మర్నాటికి వేలిముద్రలు ఎర్రగా తేలతాయి, గ్లవ్స్ వేసుకోండి. ఒక రోజులో ప్రైమర్ కొట్టగలిగినంత మేరే ఒలవండి. గాలిలో తేమ 85 శాతం దాటినా, రేకు మీద మంచు పట్టినా ఆగాలి. సంక్రాంతి వెళ్లాక, ఎండెక్కి తడి ఆరిన వేళ మొదలుపెడితే పని సాఫీగా సాగుతుంది.

రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ డబ్బా మీది కొలత ప్రకారమే కలపాలి. ఎండలో తొందరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోండి. రెండు కోట్లు, తర్వాత అతుకులకి సీలెంట్, ఆపైన పలచగా రబ్బరు కోటింగ్. సిల్స్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం పూడకూడదు. కోటింగ్‌కి ముందు వాటిలో చీపురుపుల్లలు గుచ్చి, కొట్టడం కాగానే లాగేయండి.