పది లక్షల కార్డు, మా బావ ఇన్సులిన్

గత ఆదివారం ఒక దినపత్రికలో ఆరోగ్య విధానంపై వచ్చిన వ్యాసాన్ని హన్మకొండలో మా ఇంటి వాకిట్లో కూర్చుని రెండుసార్లు చదివాను. ఆ కాలమిస్టు కాంగ్రెస్ పక్షాన రాస్తారు. నేను 2014 నుంచి మూడు ఎన్నికల్లోనూ గులాబీ పార్టీకే ఓటు వేశాను. ఈ సంగతి మొదటే చెప్పుకుంటే, ఇద్దరి మాటల్లోనూ ఎంత తరుగు తీయాలో పాఠకులే చూసుకుంటారు.

2007లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని తెచ్చిందని, 2023 డిసెంబరు 9న రేవంత్ రెడ్డి ప్రభుత్వం దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిందని, పేదల వైద్యానికి జరిగిన మేలంతా ఈ రెండింటిలోనే ఉందని ఆయన వాదన. నడుమ మా పార్టీ ప్రభుత్వం జిల్లాకో వైద్య కళాశాల అని, వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల దవాఖాన అని పెట్టిన ఖర్చును ఆరోగ్యశ్రీ కార్డులకే మళ్లించి ఉంటే రోగి తనకు నచ్చిన ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేవాడని, జనం సర్కారు దవాఖానను వద్దనుకున్నారని ఆయన అంటారు.

ఆరోగ్యశ్రీని నేను తక్కువ చేయను. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవలసిన ఇళ్లకు అది దిక్కయింది. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, అదీ చాలావరకు ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకు వస్తుంది. నర్సంపేట దగ్గర ఉండే మా బావకు పదిహేనేళ్లుగా షుగర్. ఆయన కార్డు బీరువా దాటి రాలేదు; ఇన్సులిన్‌కు, రక్త పరీక్షలకు, డాక్టరు ఫీజుకు, హన్మకొండకు రానుపోను చార్జీలకు మాత్రం నెలకు రెండున్నర వేలు జేబులోంచి పోతున్నాయి. వ్యాసం సంగతి ఫోన్లో చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "బామ్మర్దీ, ఆ పది లక్షలల్ల ఇన్సులిన్ కూడ వస్తదా?"

ఇక నచ్చిన ఆసుపత్రిని ఎంచుకోవడమనే మాట. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. అదీ ఎక్కువే, కాదనను. అయితే కడుపు కోయాలా వద్దా అన్నది నొప్పులతో ఉన్న ఆడపిల్ల ఎంచుకునే విషయం కాదు. జనం సర్కారు దవాఖానను వద్దనుకున్నారన్న మాట కూడా నిలవదు. 2017లో కేసీఆర్ కిట్ వచ్చి, మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు ఇవ్వడం మొదలయ్యాక సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరిగాయి. మా పార్టీ పథకం గనుక చెబుతున్నానని అనుకున్నా సరే.

2025లో బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసినప్పుడు, కార్డు పట్టుకున్న రోగికి ఆయన చెప్పే ఎంపిక ఎక్కడ మిగిలింది? అప్పుడు దిక్కు వరంగల్‌లోని సర్కారు దవాఖాన ఎంజీఎమ్మే. ఆ ఎంజీఎం దుస్థితి గురించి ఆయన రాసిన పేరా మొత్తం నిజమే. మంచం చాలని దవాఖానకు మంచాలు పెంచాలి గానీ, ఆ డబ్బు తీసి పక్క వీధి ఆసుపత్రి బిల్లు కట్టాలని చెప్పడమే నాకు మింగుడుపడలేదు.

మా వాళ్ల తప్పులు ఆయనకంటే నాకే ఎక్కువ గుర్తున్నాయి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో 2021 దాకా చేరకపోవడం ఒట్టి పంతం. కళాశాలలకు రిబ్బన్లు కత్తిరించినంత వేగంగా అధ్యాపకులను నియమించలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఖాళీలను ఏళ్ల తరబడి అలాగే వదిలేశారు. విచిత్రంగా ఆయన వ్యాసంలో ఈ ఖాళీల ఊసే లేదు, ఇప్పటి ప్రభుత్వానికీ అదే ప్రశ్న ఎదురవుతుందనేమో. వచ్చే ఆదివారం ఆయన వాటి మీద రాస్తే, అందులో మా ప్రభుత్వాన్ని ఎంత దుయ్యబట్టినా నేను మారుమాట్లాడను.