సూక్ష్మజీవి వేయని సీసాకి అంగారక రాయి ఎందుకట?

అంగారక ఉల్క పొడి మీద మెటాలోస్ఫేరా సెడ్యులా అనే సూక్ష్మజీవిని పెంచే పని నిన్ననే ఒక కొలిక్కి వచ్చింది. ఉల్క పొడి కేటాయించే కమిటీ మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

కల్చర్ తెప్పించుకోవడం, మీడియం కలపడం మామూలు పనులే. ఇటలీలో నేపుల్స్ దగ్గర గంధకం పొగలు చిమ్మే వేడి నేలలో దొరికిన జీవి ఇది. 70 డిగ్రీలు దాటిన వేడి, పీహెచ్ 2 దగ్గర ఆమ్లం ఇస్తే రాతిలోని ఇనుమును ఆక్సీకరించి, ఆ శక్తితో బతికేస్తుంది. వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో 'బ్లాక్ బ్యూటీ' అనే అంగారక ఉల్క మీద దీన్ని పెంచి చూపించారు కూడా.

రాయి సంపాదించడమే నరకం. దొరకని పదార్థం, ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. కానీ నేను అడిగిన దాంట్లో సగం కోసేసి, ఒక పెద్దాయన అందరి ముందూ "సూక్ష్మజీవి వేయని సీసాకి కూడా అంగారక రాయేనా? మామూలు బసాల్ట్ వేసుకోండి" అన్నారు. బసాల్ట్ అంటే లావా చల్లారి గట్టిపడిన రాయి, భూమ్మీద బోలెడు దొరుకుతుంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అంత వేడి ఆమ్లంలో రాతిలోని ఆలివిన్, ఫాస్ఫేట్ల లాంటి ఖనిజాలు ఏ జీవీ లేకపోయినా కరుగుతాయి. కరిగినవి మళ్లీ పేరుకుంటే, మైక్రోస్కోప్ కింద గుండ్రటి గింజ కనిపించినప్పుడు అది కణమో ఖనిజమో చెప్పలేం. అదే రాయి, అదే ఆమ్లం, అదే వేడి ఉండి జీవి మాత్రం లేని సీసా పక్కన ఉంటేనే ఏ మార్పు ఎవరి పనో తేలుతుంది. బసాల్ట్‌లో ఖనిజాల పాళ్లే వేరు, దాంతో పోల్చి ఏం లాభం? 1996లో ఏఎల్‌హెచ్ 84001 అనే అంగారక ఉల్కలోని మాగ్నటైట్ (ఒక ఇనుప ఖనిజం) స్ఫటికాలను జీవుల గుర్తులన్నారు. కార్బనేట్ వేడికి విడిపోయినా మాగ్నటైట్ వస్తుందని తర్వాత వేరేవాళ్లు చూపించారు. ఆ గొడవంతా తెలిసినవాళ్లే ఇలా మాట్లాడితే ఎలా మింగుడుపడుతుంది?

ఇదంతా రాసి దరఖాస్తు మళ్లీ పెట్టాను. పూర్తి పొడి ఇచ్చారు.

పొడిని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, ఆవిరికి ఖనిజాలు మారిపోతాయి. నేను పొడి వేడితోనే శుద్ధి చేశాను. జీవి ఉన్న సీసాలో ద్రవం మెల్లగా తేనె రంగుకి తిరిగింది, పక్క సీసా దాదాపు తేటగానే ఉండిపోయింది. ఆ రంగు ఆక్సీకరణ చెందిన ఇనుముది; ఆ ఆమ్లంలో గాలి ఒక్కటే ఇనుమును అంత త్వరగా ఆక్సీకరించలేదు, అది జీవి పనే. ఆ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ముందుగా కమిటీకే పంపాను.

దరఖాస్తు పెట్టేవాళ్లు జీవి లేని సీసాకి కావాల్సిన బరువును విడిగా, కారణంతో సహా మొదటి పేజీలోనే రాయండి. వెనక పేజీల్లో ఉంటే చదవకుండానే కొట్టేస్తారు.