నా ఫైల్లో ఎవరూ చూడని అంకె

ఇప్పుడు ఒంట్లో బాగుంది కాబట్టి కోపం వస్తోంది. జ్వరంతో పడి ఉన్నప్పుడు కోపానికి కూడా ఓపిక ఉండేది కాదు.

హనుమకొండ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ముప్పై దాటినప్పటి నుంచీ సైనస్, చెవి చీము, దగ్గు, మధ్యలో న్యుమోనియా. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ బాగుండేది, కోర్సు అయిపోగానే మళ్లీ పచ్చటి కఫం. చాక్‌పీసు పొడి పడట్లేదని ఒకరన్నారు. ఆస్తమా అని ఇంకొకరు ఇన్‌హేలర్ చేతిలో పెట్టారు. జ్వరం అంటే మన దగ్గర ముందు వైడల్ చేస్తారు కదా, అదీ లెక్కలేనన్ని సార్లు చేశారు. ప్రతిసారీ నెగెటివ్. "టైఫాయిడ్ లేదమ్మా, అంతా నార్మల్." ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దానితో పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను. అవే తయారుకాని మనిషికి నెగెటివ్ రాక ఇంకేమొస్తుంది?

ఊళ్లో బాగా పేరున్న ఒకాయన దగ్గరికి వెళ్లినప్పుడు ఫైలు తెరవకుండానే అన్నారు, "టీచరమ్మా, లీవు కావాలంటే సర్టిఫికెట్ రాసిస్తా. ఊరికే ఈ మాత్రలెందుకు మింగుతారు?" కాంపౌండర్ నవ్వాడు. మర్యాద కోసమో ఏమో మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వును ఆయనకు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను, చేస్తూనే ఉంటాను.

ఇక ఆ రాత్రి. సంక్రాంతి తర్వాతి చలి. సాయంత్రం నుంచే దగ్గుతున్నాను, రాత్రికి వణుకు మొదలై మంచం కోళ్లు నేలకు టకటకా కొట్టుకున్నాయి. అత్తమ్మ గొంగడి తెచ్చి కప్పి మీద తానే పడుకుంది, అయినా ఆగలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆక్సిజన్ 84, బీపీ పడిపోతోంది. ఐసీయూలో మంచం ఖాళీ లేక క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీదే ఉంచారు. అప్పుడు నా బుర్రలో ఉన్నది దేవుడు కాదు, చావు కూడా కాదు. బీరువాలో పట్టుచీరల కింద పాప కోసం దాచిన డబ్బు సంగతి మా ఆయనకు తెలియదు. చెబుదామని మాస్కు లాగుతాను, సిస్టర్ కసిరి మళ్లీ పెడుతుంది. ఆయనేమో నేను నీళ్లడుగుతున్నాననుకుని "ఇప్పుడు తాగొద్దట" అంటారు. తెల్లవారేదాకా ఇదే వరస. ఆ డబ్బు ఎవరికీ దొరకకుండా ఉండిపోతుందన్న భయం, ఊపిరాడని భయం కలిసిపోయాయి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది పీజీ చదువుతున్న అమ్మాయి. మందులు ఎక్కించి, నేను కాస్త కుదుటపడ్డాక, నా ఫైలును మొదటి కాగితం నుంచి చదివింది. ఓ చోట ఆగి "దీన్ని ఎవరూ చూడలేదా అక్కా?" అంది. మామూలు లివర్ ఫంక్షన్ టెస్ట్ అది. టోటల్ ప్రోటీన్ 5.4, ఆల్బుమిన్ 4.1, గ్లోబ్యులిన్ 1.3. గ్లోబ్యులిన్ 2కు పైన ఉండాలి. యాంటీబాడీలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి, అవి బాగా తగ్గితే ఆ అంకె కూడా పడిపోతుంది. పాత రిపోర్టుల్లోనూ తక్కువే. లివర్ బాగుందని అందరూ పేజీ తిప్పేశారు.

ఇమ్యునోగ్లోబ్యులిన్లంటే యాంటీబాడీలే, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం వాటిలో రకాలు. వాటి పరీక్షకు మామూలు రక్తమే తీసుకుంటారు. పెద్దవాళ్లకు ఐజీజీ సుమారు 700 నుంచి 1600 ఉండాలి. నాకు 210. ఐజీఏ దాదాపు లేదు, ఐజీఎం తక్కువ. మూత్రంలో ప్రోటీన్ పోతోందా, రక్త క్యాన్సర్ ఏమైనా ఉందా, వాడిన మందుల వల్లా అని ఒక్కొక్కటే చూసి కొట్టేశారు. యాంటీబాడీలు తయారుచేయాల్సిన బీ కణాలు ఉన్నాయి, పని చేయట్లేదు. చివరగా న్యుమోనియా టీకా. టీకాకు ముందు రక్తం తీసి, కొన్ని వారాలాగి మళ్లీ తీసి, యాంటీబాడీలు పెరిగాయా అని చూస్తారు. చికిత్స ముందే మొదలుపెడితే ఇతరుల యాంటీబాడీలు కలిసి లెక్క తప్పుతుందని ఆ వారాలు ఆపారు. ఆ టెన్షన్ రాయలేను. పక్కింటి పిల్లాడు తుమ్మినా తలుపు వేసుకునేదాన్ని. యాంటీబాడీలు పెరగలేదు. సీవీఐడీ అన్నారు, అంటే కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ, ఒంట్లో యాంటీబాడీలు సరిగా తయారుకాని జబ్బు.

1952లోనే అమెరికాలో బ్రూటన్ అనే డాక్టర్, పదే పదే జబ్బుపడే ఎనిమిదేళ్ల పిల్లాడి రక్తంలో గామా గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలుండే భాగం, లేదని కనిపెట్టి, దాన్నే ఇంజెక్షన్లుగా ఇచ్చి నిలబెట్టాడు. అతనిది వేరే రకం లోపమే అయినా దారి అదే. అప్పటి నుంచీ ఉన్న విద్య నా దాకా రావడానికి నా ఊపిరితిత్తులు కొంత పాడవ్వాల్సి వచ్చింది. సీటీలో బ్రాంకియెక్టాసిస్ ఉంది, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు పాడై వెడల్పయ్యాయి, అది వెనక్కి పోదు. లీవు సర్టిఫికెట్ డాక్టర్‌గారికి ఆ సీటీ జిరాక్స్ పంపాలని ఉంది. మా ఆయన వద్దంటున్నారు. చూద్దాం.

ఇప్పుడు మూడు నాలుగు వారాలకోసారి ఐవీఐజీ, అంటే ఇతరుల యాంటీబాడీలను నరంలోకి ఎక్కించుకుంటాను, కిలోకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల లెక్కన. వేలమంది ఇచ్చిన ప్లాస్మా నుంచి తీస్తారట. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్ల పిల్లాపాపలు చల్లగా ఉండాలి. ఖర్చు మాత్రం భారమే, రీయింబర్స్‌మెంట్ ఫైలు తిరుగుతూనే ఉంది.

ఏటా న్యుమోనియా, తగ్గని సైనస్, చెవి చీము ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే పాత రిపోర్టుల్లో గ్లోబ్యులిన్ ఎంతో చూడండి. తక్కువుంటే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం చేయించమని అడగండి. గ్లోబ్యులిన్ బాగున్నా ఇన్ఫెక్షన్లు ఆగకపోతే కూడా అడగండి. డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అత్తమ్మ లెక్క వేరు. "సూదిమందు కాదు బిడ్డా, సమ్మక్క తల్లి సల్లగ సూసింది" అంటుంది. గొంగడి మీద పడుకున్న ఆ రాత్రే మేడారంలో నా నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, ఇస్తానని మొక్కిందట. నేను వాదించను, మొక్కిన మనిషే ఆ రాత్రి నన్ను పట్టుకుని ఉంది. జాతర జనంలోకి వెళ్లొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ముందుగానే వెళ్లొద్దామని ఒప్పించాను. మొక్కిన నాటికీ ఇప్పటికీ బాగా ఒళ్లు చేశాను, బెల్లం ఎక్కువే కొనాలి. ఆ ఖర్చు మా ఆయన పెట్టుకోవాలని తీర్మానించాం.