రాచకొండ గుట్టల్లో సైకిల్: ముందు ముళ్ల సంగతి

రాచకొండ గుట్టల్లో గుంపుగా తొక్కాలంటే రాళ్లకన్నా ముందు తుమ్మముళ్ల సంగతి చూసుకోవాలి. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని టైరు) అయితే 29 అంగుళాల చక్రానికి 100 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లు పడితే పూడ్చే ద్రవం) పోయండి. మన ఎండలకు తొందరగా గడ్డకడుతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పోయాల్సిందే. ట్యూబు ఉన్న టైరైతే, ట్యూబ్ మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో తుడవండి. విరిగిన ముల్లు మొన అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది. తొందరలో అందరూ వదిలేసే పని ఇదే! గాలి 70 కిలోల మనిషికి 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టుపక్కల చాలు. మరీ తగ్గిస్తే బండ అంచుకు రిమ్ము తగిలి ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి.

దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే డిస్క్ (బ్రేకు పట్టుకునే పళ్లెం) కాగి పట్టు తగ్గుతుంది. పట్టి, వదులుతూ దిగాలి. బండ మీద మొరం ఉంటే ముందు చక్రం బ్రేకు జోలికి పోవద్దు. పంపు, తెగిన చైన్‌ను కలిపే లింకు ఉన్నవాళ్లు గుంపు చివర రావాలి. నీళ్లు తలా మూడు లీటర్లు.