పగడాల పక్కన ఇసుకలో గోబీ

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్తే అందరూ పగడాలు చూడ్డానికే నీళ్ళలోకి దిగుతారు, మేమూ అందుకే దిగాం, కానీ నాకు బాగా నచ్చింది పగడాల పక్కనుండే ఉత్త ఇసుక. డైవ్ గైడ్‌కి ముందే చెప్పిపెట్టా, తాబేలు కనపడకపోయినా పర్లేదు గోబీ చేపని చూపించు భయ్యా అని. నవ్వి సరే అన్నాడు.

రీఫ్, అదే పగడాల దిబ్బ, అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆగి వేలితో చూపించాడు. మొదట నాకేం కనపడలేదు. ఇసుక రంగు ఒళ్ళు, దాని మీద అడ్డంగా గోధుమరంగు పట్టీలు, ఓ కన్నం ముందు పొట్ట ఆనించి కూర్చునుంది వేలంత చేప. చాలా గోబీలకి నీళ్ళలో తేలడానికి గాలితిత్తి ఉండదు, అందుకే అలా అడుగునే కూర్చుంటాయి. నెత్తి మీద ఉబ్బెత్తు కళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగవు.

కాసేపటికి కన్నంలోంచి రొయ్య వచ్చింది, ముందు ఇసుక తోసుకుంటూ అచ్చం బుల్డోజర్ లాగా. పారబోయడం, లోపలికెళ్ళడం, మళ్ళీ ఇంకో లోడు. ఇది పిస్టల్ రొయ్య, చూపు సరిగ్గా ఆనదు, అందుకని బయటున్నంతసేపూ ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. తవ్వకం రొయ్యది, కాపలా చేపది, ఇల్లు ఇద్దరిదీ. రీఫ్‌లో తల ముంచగానే వినపడే ఆ చిటపట సౌండ్ కూడా ఎక్కువగా ఈ జాతి రొయ్యలదే, పటకారు లాంటి కాలు ఠప్పున మూస్తే నీళ్ళలో బుడగ పుట్టి పేలుతుంది.

ఇంతలో మా గ్రూపులో ఒకాయన కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ కొట్టుకుంటూ కన్నం మీదకొచ్చేశాడు. గోబీ తోక టకటకా ఆడించింది అంతే, రొయ్య లోడు అక్కడే వదిలేసి లోపలికి. చేప ఇంకాస్త ఆగి, నీడ మీద పడ్డాక తల ముందు పెట్టి దూకేసింది. మిగిలింది ఖాళీ కన్నం. నాకు ఒళ్ళు మండింది గానీ నీళ్ళలో ఎవర్ని తిడతాం.

మళ్ళీ ముందు మూతి వచ్చింది, తర్వాత కళ్ళు, సగం ఒళ్ళు, చాలాసేపు అలాగే. చేప బయట సర్దుకుని కూర్చునేదాకా రొయ్య రానే లేదు.

గోబీల్లో ఇంకా చిన్నవీ ఉన్నాయి, ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని ఒక పిగ్మీ రకం బతికేది మహా అయితే 59 రోజులు, వెన్నెముక ఉన్న జీవుల్లో అతి తక్కువ ఆయుష్షని 2005లో రికార్డయింది.

మీరూ చూడాలంటే దూరంగానే ఆగండి, ఫిన్స్ కదపకుండా, ఊపిరి మెల్లగా వదులుతూ. కన్నం మీదకి వంగి ఫోటో తీద్దామనుకుంటే మాత్రం ఇసుక ఫోటోనే వస్తుంది.