కొత్త ఇండియన్–నేపాలీ టేక్‌అవేలో తొలి ఆర్డరు: నా అనుభవం

తలుపు సందులోంచి కొత్త టేక్‌అవే (వండి పార్శిల్ ఇచ్చే షాపు) మెనూ కాగితం పడింది. ఒక పక్క ఖుక్రీ అనే వంకర నేపాలీ కత్తి, ఇంకో పక్క తాజ్‌మహల్, మధ్యలో ‘ఇండియన్ అండ్ నేపాలీస్’. బ్రిటన్‌లో ఇలాంటి కాగితం చూడగానే లోపల ఏం వండుతారో సగం చెప్పేయొచ్చు. మిగతా సగం తింటేగాని తెలియదు. కొత్త షాపుని పట్టి చూడటానికి నాకో పద్ధతి ఉంది, ఈసారీ అదే పాటించాను. ఆర్డరు ఇద్దరికి, బిల్లు 38 పౌండ్లు. స్వయంగా వెళ్లి తెచ్చుకున్నందుకు 10 శాతం తగ్గి 34.20 అయింది.

ముందు పరిశుభ్రత రేటింగ్. ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 0 నుంచి 5 దాకా అంకె ఇస్తారు. స్కాట్లండ్‌లో అంకెలు లేవు, పాస్ అయిందా ఇంకా బాగుపడాలా అన్నదే. వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఆ స్టిక్కరు తలుపుకి అంటించి తీరాలి. ఇంగ్లండ్‌లో ఆ నిర్బంధం లేదు కాబట్టి తలుపు బోసిగా ఉంటే సైటు చూడటం మన పనే. కొత్త షాపుకి ‘తనిఖీ జరగాల్సి ఉంది’ అని కనబడొచ్చు, అందులో తప్పేం లేదు. 3 కంటే తక్కువుంటే మాత్రం నేను ఆగిపోతాను. ఈ అంకెకీ రుచికీ ఏ చుట్టరికమూ లేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మెనూ. ఇండియన్ వైపు డెబ్బై కూరలుంటే కంగారు పడక్కర్లేదు, వాటన్నిటికీ తల్లి ఒకటే గ్రేవీ. బ్రిటన్ కర్రీ షాపులు చాలావాటిని పెట్టింది సిల్హెట్ ప్రాంతపు బంగ్లాదేశీలు, ఈ వంట పద్ధతి ఆ షాపుల్లోనే కుదురుకుంది. బస్తా ఉల్లిపాయలు, కొంచెం క్యారెట్, క్యాప్సికం, టమాటా, అల్లం వెల్లుల్లి, నూనె, పసుపు వేసి మెత్తగా ఉడికించి, రుబ్బి, పల్చటి సూపులా ఉంచుతారు. మాంసం ముందే ఉడికి ఉంటుంది. ఆర్డరు రాగానే పెనంలో నూనె, వెల్లుల్లి ముద్ద, మసాలా పొడి, నీళ్లలో కలిపిన టమాటా ప్యూరీ పడతాయి. పెద్ద మంట మీద గ్రేవీని రెండు మూడు విడతలుగా పోసి అడుగంటనిస్తూ, గీకుతూ, ఎనిమిది పది నిమిషాల్లో దించేస్తారు. కారం, నిమ్మరసం ఎక్కువైతే మద్రాస్. పప్పు, పులుపు, తీపి కలిస్తే ధన్సాక్. కొబ్బరి, క్రీము, పంచదార పడితే కూర్మా. గ్రేవీ తగ్గించి బాగా వేయిస్తే భునా. దీన్ని మోసం అనలేం, అదొక వంట సంప్రదాయం. కాకపోతే మన ఇంటి కూరతో పోల్చుకుంటూ కూర్చుంటే ఏదీ నచ్చదు.

షాపు ఎలాంటిదో తేల్చేది నేపాలీ పేజీ. అందులో ‘ఎవరెస్ట్ చికెన్’, ‘గూర్ఖా లాంబ్’, ‘హిమాలయన్ స్పెషల్’ తప్ప ఇంకేమీ లేకపోతే అవి పేరు మార్చుకున్న పాత గ్రేవీలే. నా కళ్లు వెతికే పేర్లు వేరు: ఆలూ తామా, గుంద్రుక్, ఛోయ్‌లా (మసాలా పట్టించిన కాల్చిన మాంసం), సెకువా (నిప్పుల మీద కాల్చిన మాంసం), ఝోల్ మోమో (పల్చటి పులుసులో వేసిన, కుడుముల్లాంటి మోమోలు). తామా అంటే పులియబెట్టిన వెదురు చిగుళ్లు. గుంద్రుక్ అంటే ఆవాకు, ముల్లంగి ఆకుల్లాంటివి పులియబెట్టి ఎండబెట్టింది. ఇవి గ్రేవీతో అయ్యే పనులు కావు, వీటికోసం విడిగా సరుకు తెప్పించుకోవాలి. తెప్పించారంటే లోపల నేపాలీ వంట తెలిసిన చెయ్యి ఉన్నట్టు, కొనేవాళ్లూ ఉన్నట్టు. ఆల్డర్‌షాట్, ఫార్న్‌బరో, ఫోక్‌స్టోన్, రెడింగ్ వైపు అలాంటి వంటిళ్లు ఎక్కువ, గూర్ఖాల, అంటే బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన నేపాలీ సైనికుల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి కాబట్టి. 1997కి ముందు రిటైరైన గూర్ఖాలకీ, కనీసం నాలుగేళ్లు పనిచేసి ఉంటే, 2009లో ఇక్కడ ఉండిపోయే హక్కు వచ్చింది. మరి బోర్డు మీద ‘ఇండియన్’ ఎందుకంటారా? శుక్రవారం సాయంత్రం కూర్మా, టిక్కా మసాలా అమ్ముడుపోతేనే గుంద్రుక్ డబ్బా తెప్పించడానికి డబ్బులుంటాయి!

ఏ రోజు వెళ్లాలన్నదీ ముఖ్యమే. శుక్ర, శనివారాల్లో ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా వంటవాడికి ఊపిరాడదు, ఆ రోజు తిని తీర్పు చెప్పడం న్యాయం కాదు. వారం మధ్యలో, షాపు తీసిన గంటకి ఫోన్ చేస్తాను. తీసీ తీయగానే అయితే తందూరు సరిగా వేడెక్కి ఉండదు, నాన్ తెల్లగా, పిండి వాసనతో వస్తుంది. ఫోన్ నేరుగా షాపుకే. యాప్ కమీషన్ భరించలేక చాలామంది యాప్‌లో ధరలు పెంచి పెడతారు, పైగా అక్కడ ప్రశ్నలు అడిగే వీలుండదు.

నా ప్రశ్నలు మూడు. సరుకు సంగతి తెలిసినవాడే ఫోనెత్తాడా లేదా అన్నది వాటితోనే తేలిపోతుంది. (‘దాయ్’ అంటే నేపాలీలో అన్న.)

“దాయ్, ఆలూ తామాలో వెదురు చిగురు పులియబెట్టిందేనా, డబ్బాలో వచ్చే తెల్లదా?”

“పులియబెట్టిందే.” జవాబు వెంటనే వచ్చింది.

“మోమోలు మీరే చుడతారా?”

“చికెన్‌వి మేమే. వెజిటబుల్‌వి బయటనుంచి.”

“ఎముకతో మేక మాంసం?”

“శని, ఆదివారాలే. మెనూలో ఉండదు. మధ్యాహ్నం లోపల చెప్పాలి.”

రెండో జవాబు నాకు బాగా నచ్చింది. అన్నీ మేమే చేస్తాం అనేవాళ్ల కంటే ఫలానాది బయటనుంచి అని చెప్పేవాళ్లని నమ్మొచ్చు.

ఎలర్జీ ఉంటే మాత్రం ఈ ప్రశ్నలన్నిటికంటే ముందు అదే చెప్పాలి. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం అడిగితే ఇవ్వాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో ఉన్నాయి, నేపాలీ అచార్లలో ఆ రెండూ మామూలే. కూర్మాలో, టిక్కా మసాలాలో పడే బాదం పొడిది ఇంకా పెద్ద చిక్కు. 2014లో ఉత్తర యార్క్‌షైర్‌లో, బాదం పొడికి బదులు వేరుశెనగ కలిసిన చౌక పొడి వాడిన కూర తిని ఒక మనిషి చనిపోయాడు, 2016లో ఆ రెస్టారెంట్ యజమానికి జైలుశిక్ష పడింది. ‘నట్స్ వద్దు’ అంటే సరిపోదు, వేరుశెనగ వేరు, బాదం వేరు. ఏది పడదో పేరుపెట్టి చెప్పాలి.

ఆర్డరు ఇది: చికెన్ స్టీమ్ మోమో పది, 8.50. తడ్కా దాల్, 5.50. ఆలూ తామా, 6.50. లాంబ్ భునా, 11. తెల్లన్నం ఒకటి, నాన్ ఒకటి, చెరో 3.25. అప్పడాలు, సమోసాలు మొదటిసారి అనవసరం, వాటిని పాడుచేయడం కష్టం కాబట్టి వాటివల్ల తెలిసేదీ ఉండదు. కూర్మా, టిక్కా మసాలా కూడా అంతే, క్రీమూ పంచదారా వంటవాడి తప్పులన్నీ కప్పేస్తాయి. భునాలో గ్రేవీ తక్కువ కాబట్టి మసాలా వేగిందా లేదా వెంటనే దొరికిపోతుంది.

కారం విషయంలో మనవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. ‘ఎక్స్‌ట్రా హాట్’ అంటారు. అలా అంటే చివరి నిమిషంలో చెంచాడు కారప్పొడి చల్లుతారు, అది వేగదు. పచ్చివాసన, గొంతులో మంట, రుచి మాత్రం సున్నా. దానికి బదులు ‘నాలుగు పచ్చిమిర్చి చీల్చి, వెల్లుల్లితో పాటే నూనెలో వెయ్యండి’ అని అడుగుతాను. ఆ మాట అర్థమైందంటే కూర వేరుగా వస్తుంది. ఇక్కడ అర్థమైంది.

కౌంటరు దగ్గర సంచీ విప్పి చూసుకోవాలి, మొహమాటం పనికిరాదు. మూతల మీద పెన్నుతో రాసే పొడి అక్షరాలు తారుమారు కావడం మామూలే, భునా, మద్రాస్ పైనుంచి ఒకేలా ఉంటాయి. నాన్ రేకు చుట్టి ఇస్తారు, ఒక మూల విప్పి ఉంచకపోతే దాని ఆవిరికి అదే రబ్బరైపోతుంది. మోమో డబ్బా మూత కూడా సందు వదలాలి. కారులో సంచీని సీటు మీద పెట్టను, కింద కాళ్ల దగ్గర చదునుగా ఉంటుంది.

ఇంటికి పదకొండు నిమిషాలు. ముందు తెరిచింది మోమోలే. అన్నీ ఒకే సైజులో, ఒకే లెక్క మడతలతో ఉంటే యంత్రం చుట్టినవి. ఇందులో మూడు కాస్త పెద్దవి, ఒకదాని ముడి పక్కకి వాలి ఉంది. తోలు పల్చగా ఉంది, లోపలి మాంసపు రంగు లీలగా కనబడుతోంది. కొరకగానే రసం వచ్చింది. పైముడి దగ్గర మాత్రం ఒకటి రెండింటికి పిండి మందంగా, కొంచెం పచ్చిగా తగిలింది, హడావిడిగా ముడేస్తే అంతే. పక్కన చిన్న గిన్నెలో అచార్: టమాటా, నువ్వులు, కొత్తిమీర. నిమ్మ లాంటి వాసనతో పాటు నాలిక మీద చిన్న తిమ్మిరి మొదలైంది, అంటే తిమూర్ అనే నేపాలీ మసాలా దినుసు వేశారన్నమాట. చైనా వంటల్లో పడే సిచువాన్ మిరియానికి అది దగ్గరి చుట్టం. అచార్ బదులు కెచప్ లాంటి తియ్యటి ఎర్ర సాస్ ఇచ్చే షాపులో ఇంక మోమో అడగను.

దారి ఇరవై నిమిషాలు దాటితే స్టీమ్ మోమో వద్దు, తోలు తోలుకి అంటుకుని తీస్తే చిరుగుతుంది. ఒక పక్క పెనం మీద కాల్చిన కోతే మోమో తెచ్చుకోవడం మేలు. చల్లారిన వాటిని మైక్రోవేవ్‌లో పెడితే చెప్పుతోలే. నూనె రాసిన ఇడ్లీ రేకులో పెట్టి నాలుగు నిమిషాలు ఆవిరి పట్టిస్తే దాదాపు కొత్తవే. నేపాలీ వాళ్లు మోమోలకి వాడే పాత్రకి, మన ఇడ్లీ పాత్రకి పెద్ద తేడా లేదు.

తడ్కా దాల్ దగ్గరే ఈ షాపు తడబడింది. పప్పు బాగా ఉడికింది, జీలకర్ర చిట్లింది, కానీ వెల్లుల్లి ముదురు గోధుమ రంగు దాటిపోయి అడుగున చేదు దిగింది. తాలింపు విడిగా పెట్టుకోకుండా, పక్క పొయ్యి మీద కూర చూసుకుంటూ వేయిస్తే జరిగేది ఇదే. పది సెకన్ల తేడా. ఇంకో రోజు సరిగ్గా రావచ్చు కాబట్టి దీనికి షాపుని కొట్టిపారేయను. పప్పులో ఉల్లి గ్రేవీ కలిపి చిక్కబరిచి ఉంటే మాత్రం అది అలవాటు, మారదు.

ఆలూ తామా పల్చగా, పసుప్పచ్చగా, అలసందలతో వచ్చింది. మూత తీయగానే ఘాటైన పులిసిన వాసన, తెలియనివాళ్లు పాడైందనుకుంటారు. ఆ పులుపు నిమ్మకాయది కాదు, నాలిక వెనక నిలుస్తుంది. అన్నంలో కలుపుకుంటే చారుకీ పులుసుకీ మధ్యలో ఎక్కడో ఉంది. ఇదొక్కటే చాలు ఈ షాపుకి మళ్లీ వెళ్లడానికి. భునా బాగానే ఉంది, మసాలా వేగి నూనె అంచుకి చేరింది, కాకపోతే లాంబ్ ముక్కల లోపలికి ఉప్పు దిగలేదు. ముందే విడిగా ఉడికించిన మాంసం ఎక్కడైనా అంతే. నాన్ మధ్యలో మెత్తగా, అంచుల్లో మచ్చలు పడి కుదిరింది.

అన్నం కాస్త మిగిలింది, పారేశాను. చాలా షాపుల్లో అన్నం ముందే వండి, అమ్మేటప్పుడు వేడి చేస్తారు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తాలూకు స్పోర్లు (విత్తనాల్లాంటివి) అన్నం ఉడికినా చావవు, వెచ్చగా వదిలేస్తే పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇంట్లో వండినదైతే గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటాను. టేక్‌అవే అన్నంతో ఆ సాహసం చేయను. కూరలు మర్నాటికి ఉంచుకోవచ్చు, ఒక్కసారే, పొగలు కక్కేదాకా వేడి చేసి.

మెనూ కాగితం మీద తామాకి, మోమోకి టిక్కు పెట్టాను, దాల్ పక్కన ప్రశ్న గుర్తు. వచ్చేసారి ఛోయ్‌లా చూడాలి. కాల్చిన మాంసానికి ఆవనూనెలో నల్లగా మాడ్చిన మెంతుల తాలింపు పట్టిస్తారు, గోరువెచ్చగానే తింటారు కాబట్టి దారిలో చల్లారినా నష్టం లేదు. మేక మాంసానికి శనివారం పొద్దున పదకొండుకి ఫోన్ చెయ్యాలి.